నాలుగొందల పన్నెండో పేజీ

అయిదేళ్లు ఆగాను.
ఆ అయిదేళ్లలో నా ట్రాలీబస్సుకి రెండుసార్లు టైర్లు మార్చారు,
నాకొకసారి మోకాలు మార్చారు.
ఉప్పుకోట కథ ఆరో భాగం మాత్రం
వచ్చే వసంతానికి, వచ్చే వసంతానికి అంటూ
అప్పులవాడి వాయిదాలా జరుగుతూ పోయింది.

ఇప్పుడు నా ఒళ్లో ఉంది.
ఇటుకంత బరువు, కొత్త జిగురు వాసన.
అంతాకల్నిస్ చివరి స్టాపులో నాకు దొరికేది ఏడు నిమిషాలు.
ఫ్లాస్కు మూత తీయడానికి ఒకటి,
కళ్లద్దాలు వెతుక్కోడానికి ఒకటి,
మిగిలిన అయిదూ మంచుకొండల అవతల.

ముందు తిట్టాను.
రెండో భాగంలో దక్షిణానికి పారిన నది
ఇందులో చెప్పాపెట్టకుండా పడమటికి తిరిగింది.
ఒంటికన్ను వేటగాడు
రెండు కళ్లూ మూసుకుని హాయిగా నిద్రపోయాడు.
టైమ్‌టేబుల్ వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను:
ఎనభై ఎనిమిదో పేజీ, నూట ముప్పయ్యో పేజీ...
రచయిత ఎప్పుడైనా నా బస్సెక్కితే
టికెట్ లేనివాణ్ణి నిలదీసినట్టు నిలదీద్దామని.

అయినా ఆపలేదు.
ఉప్పెక్కువైందని సణుగుతూనే
గిన్నె అడుగు ఊడ్చే రకం నేను.

నాలుగొందల పన్నెండో పేజీలో
వంతెన కాపలాదారు ఇర్మెన్
తలుపు తోసుకుని లోపలికొచ్చి
"సూప్ ఏమైనా మిగిలిందా?" అంది.

ఇర్మెన్!
మూడో భాగం చివర వంతెన తాళ్లు తనే తెగ్గోసి
శత్రువులతో సహా లోయలో పడిన మనిషి.
ఆ ఏడు నవంబరు రెండో తారీకున,
విల్నియస్ అంతా సమాధుల మీద దీపాలు పెట్టే రాత్రి,
మా అమ్మకొకటి వెలిగించి
ఎవరూ చూడకుండా పక్కన ఇంకొకటి వెలిగించాను.
ఎర్ర గాజుగ్లాసులోది, ఖరీదైంది,
తెల్లారేదాకా ఆరని రకం.
ఆ దీపాన్నిప్పుడేం చేసుకోమంటావయ్యా?
మా అమ్మ ఏ తలుపూ తోసుకుని రాలేదు.
సూపూ అడగలేదు.

పుస్తకాన్ని స్టీరింగ్ ముందు పడేశాను.
రెండు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాను,
పంతొమ్మిదేళ్ల సర్వీసులో మొదటిసారి.

మూడో స్టాపులో ఆ పిల్ల ఎక్కింది.
పేరు ఉగ్నే, బడిసంచీ మీద మార్కర్‌తో రాసుంటుంది.
మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.
ఒకరోజు నా పుస్తకం అట్ట చూసి
తన పుస్తకం ఎత్తి చూపించింది, అంతే.
అప్పట్నించీ అద్దంలో వేళ్లతో లెక్క:
రెండు వేళ్లంటే రెండొందలు, మూడంటే మూడొందలు.
నేను ముందున్నప్పుడు
దొంగలా చూపు తిప్పేసుకుంటాను.

ఇవాళ నాలుగు వేళ్లు.
పళ్లు బిగబట్టి మలుపు తిప్పాను.

నేరిస్ వంతెన మీద మంచుజల్లు.
పైన తీగల మీంచి కడ్డీలు జారాయి,
బస్సు ఉసూరుమని ఆగింది,
లోపలి దీపాలు సగానికి తగ్గాయి.
గ్లౌజులు తొడుక్కుని దిగి
వెనక్కి నడిచి తాడు పట్టుకున్నాను.

వెనక కిటికీలోంచి కనిపించింది:
ఫోను వెలుగులో వంగిన తల.
పేజీ తిరిగింది.
తల కదలడం మానేసింది.
చెయ్యొకటి నోటి మీదకి వెళ్లింది.
తర్వాత భుజాలు ఎగిసిపడ్డాయి,
నవ్వో ఏడుపో
ఆవిరి పట్టిన అద్దం చెప్పలేదు.

తాడు కాస్త సడలిస్తే కడ్డీ తీగని అందుకుంటుంది.
అర నిమిషం పని.
లోపల టోపీ పెద్దమనిషి వాచీ చూపిస్తున్నాడు.

నా కోపం తగ్గిందనుకోకండి.
ఆ దీపం బాకీ అలాగే ఉంది.
కానీ ఆ అధ్యాయంలో ఇంకా పదకొండు పేజీలున్నాయి.

కడ్డీని తీగ పక్కకి పోనిచ్చాను.
కిందికి లాగి
మళ్లీ పోనిచ్చాను.
"బిగుసుకుపోయింది" అని టోపీ పెద్దమనిషికి సైగ చేసి,
మెడలోకి మంచు దిగుతుంటే
ఇంకోసారి గురి తప్పాను.